పాముకాటు విరుగుడు వయల్: వార్డులో చూసిన పనితనం

ప్రభుత్వ ఆసుపత్రులలో ఏఎస్‌వీ అని పిలిచే పాముకాటు విరుగుడును కొన్నేళ్లుగా వాడుతున్న వైద్యుడిగా దాని మంచిచెడ్డలను ఇక్కడ రాస్తున్నాను. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర విషాలను కొద్దికొద్దిగా ఎక్కించిన గుర్రాల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలే ఈ మందు. పొడి రూపంలో వస్తుంది కాబట్టి ఫ్రిజ్ లేని చోట కూడా నిల్వ ఉంటుంది. అయితే నీరు కలిపాక గట్టిగా కుదిపితే నురగ వస్తుంది కనుక నెమ్మదిగా తిప్పుతూ కరిగించాలి. పది వయల్స్ కరిగేలోపు బంధువులు "ఇంకా ఎక్కించరేమండీ" అని నాలుగు సార్లయినా అడుగుతారు.

రక్తపింజర కాటు విషయంలో నాకు పెద్ద ఫిర్యాదు లేదు. దాని విషం రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది; గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచినా గడ్డకట్టని రక్తం, మందు ఎక్కించిన 6 గంటలకు మళ్లీ పరీక్షిస్తే చాలామందిలో గడ్డకడుతుంది.

నాగుపాము విషంలోని చిన్న ప్రోటీన్లు కండరం మీద ఉండే ఎసిటైల్‌కోలిన్ (నరం సంకేతాన్ని మోసే రసాయనం) గ్రాహకాలను, అంటే ఆ రసాయనాన్ని అందుకునే చోట్లను, పట్టుకుని, నరం పంపిన సంకేతం కండరానికి అందకుండా చేస్తాయి; రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం అందువల్లనే. ఆ అడ్డు కండరం ఉపరితలం మీదే ఉంటుంది కనుక, విరుగుడుతోపాటు ఎసిటైల్‌కోలిన్‌ను పెంచే నియోస్టిగ్మిన్, దాని దుష్ప్రభావాలను ఆపే అట్రోపిన్ ఇచ్చినప్పుడు గంటలోపే రెప్పలు లేవడం చూశాను.

కట్లపాము దగ్గర మాత్రం ఈ మందు నన్ను నిరాశపరిచింది. దాని విషంలోని బీటా బంగారోటాక్సిన్లు అనే ప్రోటీన్లు గ్రాహకం జోలికి పోకుండా నేరుగా నరం కొసనే ధ్వంసం చేస్తాయి. (ఆ పేరులోని బంగారం మనదే: 18వ శతాబ్దం చివర కోరమాండల్ తీరపు పాములను నమోదు చేసిన పాట్రిక్ రస్సెల్ రాసుకున్న "బంగారు పాము" నుంచే కట్లపాముల ప్రజాతికి లాటిన్‌లో బంగారస్ అన్న పేరు వచ్చింది.) యాంటీబాడీలు రక్తంలో తిరుగుతున్న విషాన్ని పట్టుకోగలవు గాని, దెబ్బతిన్న నరం కొసను బాగుచేయలేవు. నేల మీద పడుకుని, తెల్లవారుజామున కడుపునొప్పితో లేచి, కాటు గుర్తే కనిపించని స్థితిలో వచ్చిన ఒక వ్యవసాయ కూలీకి 20 వయల్స్ ఎక్కించినా ఊపిరి ఆడలేదు; నాలుగు రోజులు వెంటిలేటర్ మీద ఉంచాక, నరం కొసలు కోలుకున్నాకే లేచి కూర్చున్నాడు.

గుర్రపు ప్రోటీన్ కాబట్టి ఎలర్జీ భయం ఎప్పుడూ ఉంటుంది. ఎలర్జీ ముదిరితే వెంటనే ఇవ్వాల్సిన అడ్రినలిన్‌ను సిరంజిలోకి తీసి పక్కన పెట్టుకోకుండా డ్రిప్ మొదలుపెట్టకూడదు. తయారీకి వాడే విషం చాలావరకు తమిళనాడులో పాములు పట్టే ఇరుళర్ గిరిజనుల సహకార సంఘం సేకరించినదే గనుక, ప్రాంతాన్ని బట్టి మారే విషాల మీద దీని బలం ఒకేలా ఉండదన్నది మరో లోపం.

అయినా స్టాకు ఉండి తీరవలసిన మందే. కట్లపాము కేసులో మాత్రం 20 వయల్స్ దాటాక ఇంకొకటి తెరిచే బదులు, వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికి చేరేదాకా అంబులెన్స్‌లో అంబూ బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) నొక్కే మనిషిని చూసుకోవడం మేలు.