లింకన్ కౌంటీ షెరీఫ్ గారెట్ కుటుంబాన్ని వెతుక్కుంటూ: ఏది చూడాలి, ఎక్కడ దిగకూడదు

అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో లింకన్ అనే చిన్న ఊరికి జనం వెళ్ళేది ఎక్కువగా బిల్లీ ది కిడ్ అనే పాతకాలపు బందిపోటు కోసం. టీషర్టుల మీదా కప్పుల మీదా అతని బొమ్మే. 1881 జూలై 14 రాత్రి ఫోర్ట్ సమ్నర్‌లో అతన్ని కాల్చిన షెరీఫ్ పాట్ గారెట్ పేరైతే వినపడుతుంది గానీ, ఆయన ఇల్లూ పిల్లల సంగతి అడిగేవాళ్ళు కనపడలేదు. అది నాకు చాలా అన్యాయం అనిపించింది.

ఎల్‌పాసో నుంచి బయల్దేరి వైట్ శాండ్స్ అనే తెల్ల ఇసుక దిబ్బల పార్కు చూసుకుని (కారుకి 25 డాలర్లు) సాయంత్రం దాకా హాయిగానే వెళ్ళాం. రాత్రికి రుయిడోసో దగ్గర ఒక మోటెల్, ఆన్‌లైన్‌లో 129 డాలర్లు. తీరా వెళ్తే క్లీనింగ్ ఫీజు అని ఇంకో 45 అడిగారు. బుకింగ్ పేజీలో ఆ ముక్కే లేదు. రాత్రి పదవుతోంది, మామయ్యగారు కూర్చునే నిద్రపోతున్నారు, కట్టేశాం. రూములో హీటర్ చప్పుడు చేస్తుంది కానీ వేడి రాదు. దాదాపు 7,000 అడుగుల ఎత్తు, అక్టోబరు చివర! ఇంకో దుప్పటి ఇమ్మంటే కౌంటర్‌లో ఆయన ఫోన్‌లోంచి తల కూడా ఎత్తకుండా లేవన్నాడు. అత్తయ్యగారు శాలువా, స్వెటర్, నా కోటు అన్నీ కప్పుకుని పడుకున్నారు. పొద్దున డబ్బు వాపసు అడిగితే మేనేజర్ లేరట. ఇప్పటికీ రాలేదు.

లింకన్‌లో ఆ కోపం చాలావరకు పోయింది. పాత కోర్టు భవనం మేడ మీద బిల్లీని బంధించిన చోటు చూపిస్తారు. 1881 ఏప్రిల్ 28న అక్కడి నుంచే ఇద్దరు డిప్యూటీలను చంపి పారిపోయాడు. ఆ రోజు గారెట్ ఊళ్ళో లేడు, వైట్ ఓక్స్‌లో పన్నుల వసూలుకి వెళ్ళాడు. అప్పటి షెరీఫ్ అంటే మన తహసీల్దారు, ఎస్సై ఇద్దరి పనీ ఒక్కడే చేసినట్టు. రెవెన్యూలో పనిచేసి రిటైరైన మామయ్యగారికి ఈ మాటతో హుషారు వచ్చేసింది, ఇక ఆయన్ని బయటికి తీసుకురావడానికి మధ్యాహ్నం అయింది. బిల్లీ మీద గవర్నరు ప్రకటించిన 500 డాలర్ల బహుమతి కూడా గారెట్‌కి వెంటనే ఇవ్వలేదు, మరుసటి ఏడాది చట్టసభ ప్రత్యేకంగా చట్టం చేస్తే గానీ చేతికి రాలేదు. పని చేయించుకున్నాక డబ్బు దగ్గర వెనకాడటం ఎంత పాత అలవాటో.

భార్య అపోలినారియా గుటియెరెజ్‌ని ఆయన 1880లో పెళ్ళాడాడు. ఇంటినిండా పిల్లలు. రాస్వెల్ దగ్గర సాగునీటి కాలువల పథకాలు, టెక్సస్‌లో గుర్రాలు, తర్వాత డోనా ఆనా కౌంటీలో మళ్ళీ షెరీఫ్ పని, ఎల్‌పాసోలో కస్టమ్స్ ఉద్యోగం. ఏదీ నిలవలేదు. 1908 ఫిబ్రవరి 29న లాస్ క్రూసెస్ దారిలో ఎవరో కాల్చేశారు. నేనే కాల్చానన్న మనిషిని, ఆత్మరక్షణ అన్నాడని కోర్టు వదిలేసింది. అప్పులూ పిల్లలూ ఆవిడకి మిగిలారు. కూతురు ఎలిజబెత్‌కి చూపు లేదు, ఆస్టిన్‌లో అంధుల బడిలో చదివింది. 1917లో న్యూమెక్సికో రాష్ట్ర గీతంగా తీసుకున్న పాట ఆమెదే! తుపాకీతో తండ్రికి వచ్చిన పేరు కంటే ఇది నాకు ఎన్నో రెట్లు గొప్ప. ఆమె బొమ్మతో ఒక్క కప్పు కూడా ఎక్కడా దొరకలేదు.

భోజనం మాత్రం బ్రహ్మాండం. దారిలో చిన్న హోటల్లో పచ్చిమిరప సాస్‌తో చీజ్ ఎంచిలాడాలు (మొక్కజొన్న రొట్టెలో చీజ్ పెట్టి చుట్టి సాస్ పోసేవి), ప్లేటు 13 డాలర్లు. మిరప సాస్ ‘రెడ్డా, గ్రీనా’ అని అడుగుతారు, రెండూ కావాలంటే ‘క్రిస్మస్’ అనాలి. కారం తిన్నాక గానీ అత్తయ్యగారి ముఖంలో కళ రాలేదు. శాకాహారులు మాత్రం బీన్స్‌లో పంది కొవ్వు వేశారా అని తప్పకుండా అడగండి, చాలాచోట్ల వేస్తారు. గ్రీన్ చిలీ స్టూలో సాధారణంగా పంది మాంసమే ఉంటుంది.

నా సలహా, లాస్ క్రూసెస్‌లో దిగండి. గారెట్ సమాధి అక్కడి మేసోనిక్ శ్మశానంలోనే ఉంది, టికెట్ లేదు. లింకన్‌కి రానూపోనూ మూడొందల మైళ్ళ దాకా అవుతుంది, పెందలాడే బయల్దేరితే ఒక్క రోజులో చూసి రావచ్చు. కొండ మీదే ఉండాలనుకుంటే హీటర్ వేసి చూసి, మొత్తం ఎంతో కాగితం మీద రాయించుకున్నాకే కార్డు ఇవ్వండి.