ఎల్‌ఎల్‌పి రిజిస్ట్రేషన్ సేవ: ఫీజు 500 రూపాయలే, అసలు పని ఫారం 3 దగ్గర

ఇద్దరు ముగ్గురు కలిసి చేసుకునే వ్యాపారంలో నష్టం వస్తే అప్పులవాళ్లు సొంత ఇంటి మీదకి రాకుండా ఉండేందుకు మన దేశంలో ఉన్న ఏర్పాటు ఎల్‌ఎల్‌పి, అంటే లిమిటెడ్ లయబిలిటీ పార్ట్‌నర్‌షిప్ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం). అమెరికాలో ఎల్‌ఎల్‌సి చేసే పనికి ఇక్కడ చాలావరకు సరిపోయేది ఇదే. చట్టం 2008 నాటిది. నమోదు మొత్తం కేంద్ర ప్రభుత్వ కార్పొరేట్ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) పోర్టల్‌లోనే జరుగుతుంది. 2022 మార్చిలో ఎల్‌ఎల్‌పి ఫారాలు వీ3 అనే కొత్త పోర్టల్‌కి మారాక పాన్, టాన్ (పన్ను కోసి కట్టేవాళ్లకిచ్చే నంబరు) కూడా సర్టిఫికెట్‌తో కలిపే ఇస్తున్నారు. ఈ ధరకి ఇంత మంచి సేవ అరుదు. అయితే సర్టిఫికెట్ రాగానే పని అయిపోయిందనుకుంటే మాత్రం ఆ రక్షణ మీ చేతికి పూర్తిగా రానట్టే.

ముందు ఖర్చు చూద్దాం. భాగస్వాములు పెట్టే మూలధనం లక్ష రూపాయల లోపైతే నమోదు ఫీజు 500, ఐదు లక్షల దాకా 2,000, పది లక్షల దాకా 4,000, పాతిక లక్షల దాకా 5,000. పేరు ముందే రిజర్వు చేసుకోవాలంటే రన్ ఫారానికి ఇంకో 200. ఇవి కాక డిజిటల్ సంతకం ధర, ఒప్పందం మీద స్టాంపు డ్యూటీ, ప్రొఫెషనల్ ఫీజు ఉంటాయి. ప్రొఫెషనల్ లేకుండా మనమే చేసేసుకుందాం అంటే కుదరదు. ఫిల్లిప్ అనే నమోదు ఫారం మీద సీఏ, సీఎస్, కాస్ట్ అకౌంటెంట్, అడ్వకేట్‌లలో ఒకరు ధ్రువీకరించి తీరాలి. తక్కువ ధర ప్యాకేజీల ప్రకటన చూసినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: ఒప్పందం రాయడం, ఫారం 3 దాఖలు చేయడం ఇందులో ఉన్నాయా? చాలా ప్యాకేజీల ధర అక్కడే పెరుగుతుంది.

కనీసం ఇద్దరు డిజిగ్నేటెడ్ పార్ట్‌నర్లు, అంటే చట్టపరమైన పనులకి బాధ్యత వహించే భాగస్వాములు, ఉండాలి. వాళ్లలో ఒకరైనా ఆర్థిక సంవత్సరంలో 120 రోజులు ఇండియాలో ఉన్నవారై ఉండాలి. డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉన్న అన్నదమ్ముల్ని భాగస్వాములుగా చేర్చుకునేవాళ్లు ఇది ముందే చూసుకోవాలి. వాళ్లు విదేశంలో సంతకం చేసే కాగితాలకి అక్కడి నోటరీ, అపోస్టిల్ (ఆ దేశ ప్రభుత్వ ధ్రువీకరణ ముద్ర) కావాలి. వాటికి పట్టే రోజులు కూడా లెక్కలో వేసుకోండి.

ఇక దరఖాస్తులు ఎక్కువగా వెనక్కి వచ్చేది మూడు చోట్ల. మొదటిది మన పేర్లే. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరం, బ్యాంకు స్టేట్‌మెంటులో ఇంటిపేరు చివరికి పోతుంది. పోర్టల్ పాన్ వివరాల్ని ఆదాయపు పన్ను శాఖ రికార్డుతో పోల్చి చూస్తుంది కాబట్టి ఫారంలో పేరు అచ్చం పాన్‌లో ఉన్నట్టే రాయాలి. మిగతా కాగితాల్ని ముందే సరిచేయించుకుంటే మంచిది. రెండోది ఆఫీసు చిరునామా. రెండు నెలల లోపు కరెంటు బిల్లు అడుగుతారు. సొంతిల్లే కదా అని పెడితే ఆ బిల్లు ఎప్పుడో చనిపోయిన తాతగారి పేరు మీద ఉంటుంది. ఆయన తరఫున అభ్యంతరం లేదని సంతకం పెట్టేదెవరు? ఇలాంటప్పుడు ముందు మీటరు పేరు మార్పించండి. లేదా ఇప్పటి యజమాని పేరున్న ఇంటిపన్ను రసీదు, దానికి సరిపోయే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) సిద్ధం చేసుకోండి. మూడోది వ్యాపారం పేరు. రన్‌లో రెండు పేర్లు ఇవ్వొచ్చు. తిరస్కరిస్తే సరిచేసి మళ్లీ పంపడానికి 15 రోజులు ఇస్తారు. శ్రీ, సాయి, ఎంటర్‌ప్రైజెస్ లాంటి మాటలతో అల్లిన పేరు అప్పటికే ఉన్న ఏదో ఒక కంపెనీకి దగ్గరగా ఉండక తప్పదు. ట్రేడ్‌మార్క్ రికార్డులో కూడా వెతికాకే ఇవ్వండి. ఆమోదించిన పేరు మూడు నెలలు మీకోసం ఉంటుంది.

సర్టిఫికెట్ వచ్చిన రోజు నుంచి 30 రోజుల్లో ఎల్‌ఎల్‌పి ఒప్పందాన్ని స్టాంపు కాగితం మీద రాసి ఫారం 3లో దాఖలు చేయాలి. లక్ష లోపు మూలధనానికి దీని ఫీజు 50 రూపాయలే. ఈ యాభై రూపాయల ఫారమే మొత్తం వ్యవహారానికి వెన్నెముక. ఒప్పందం లేకపోతే చట్టంలోని మొదటి షెడ్యూలు దానంతటదే వర్తిస్తుంది. దాని ప్రకారం లాభనష్టాలు అందరికీ సమానం. ఒకరు ఎనిమిది లక్షలు, ఇంకొకరు రెండు లక్షలు పెట్టినా అంతే. రోజంతా కొట్లో కూర్చునే భాగస్వామికి జీతం అడిగే హక్కు ఉండదు. పన్ను లెక్కలోనూ దెబ్బే: భాగస్వాముల జీతం ఒప్పందంలో రాసి ఉంటేనే ఖర్చుగా ఒప్పుకుంటారు. అదీ ఒక పరిమితి దాకానే: మొదటి ఆరు లక్షల బుక్ ప్రాఫిట్ (భాగస్వాముల జీతం తీయకముందు లాభం) మీద మూడు లక్షలు లేదా 90 శాతం, ఏది ఎక్కువైతే అది. పైన మిగిలినదాని మీద 60 శాతం. మూలధనం మీద వడ్డీ 12 శాతం దాకా. ఈ మూడు అంకెలూ ఒప్పందంలో కనిపించాలి. నెట్‌లో దొరికిన నమూనాలో పేర్లు మార్చి సంతకాలు పెట్టించేవాళ్ల దగ్గర ఇవే గల్లంతవుతాయి.

పన్ను సంగతి కొందరిని ఆపేయాలి కూడా. ఎల్‌ఎల్‌పి లాభం మీద పన్ను నేరుగా 30 శాతం, పైన 4 శాతం సెస్సు. శ్లాబులు లేవు. మామూలు భాగస్వామ్య సంస్థకి దొరికే ఊహాజనిత ఆదాయం పద్ధతి (టర్నోవర్‌లో ఇంత శాతం లాభమని చూపే వీలు) దీనికి లేదు, ఖాతా పుస్తకాలు రాయాల్సిందే. ఏడాదికి ఐదారు లక్షలు మిగిలే కిరాణా కొట్టుకి మేము దీన్ని సిఫారసు చేయం. 2025 ఏప్రిల్ 1 నుంచి భాగస్వామికి ఇచ్చే జీతం, వడ్డీ కలిపి ఏడాదికి 20,000 దాటితే 10 శాతం టీడీఎస్ (చెల్లించే ముందే కోసే పన్ను) కూడా కోయాలి.

ఏటా రెండు తేదీలు మరిచిపోకూడదు. వార్షిక రిటర్న్ అయిన ఫారం 11 మే 30 లోపు, లెక్కలు చూపే ఫారం 8 అక్టోబర్ 30 లోపు. వ్యాపారం ఒక్క రూపాయి జరగకపోయినా రెండూ వేయాలి. ఆలస్య రుసుము ఒకప్పుడు రోజుకి 100 రూపాయలుండేది. 2022 నుంచి ఆలస్యమైన రోజుల్ని బట్టి ఫీజుకి ఇన్ని రెట్లు అని లెక్కిస్తున్నారు, చిన్న ఎల్‌ఎల్‌పిలకి తక్కువ రెట్లు. టర్నోవర్ 40 లక్షలు, మూలధనం 25 లక్షలు దాటకపోతే ఎల్‌ఎల్‌పి చట్టం కింద ఆడిట్ అక్కర్లేదు.

రక్షణ ఎక్కడ పనిచేయదో అమ్మేవాళ్లు చెప్పరు కాబట్టి ఇక్కడ చెప్పాలి. సరుకు బాకీలు, అద్దె, కాంట్రాక్టు గొడవల్లో మీ ఇల్లు భద్రం. బ్యాంకు లోనుకి వ్యక్తిగత గ్యారంటీ సంతకం పెట్టారంటే ఆ అప్పు మేరకు ఆ భద్రత లేదు. జీఎస్టీ చట్టం బాకీల విషయంలో ఎల్‌ఎల్‌పిని మామూలు ఫర్మ్‌గానే చూస్తుంది, భాగస్వాములు విడివిడిగానూ బాధ్యులే. మోసం రుజువైతే మోసం చేసినవాళ్ల బాధ్యతకి హద్దు ఉండదు. తండ్రీకొడుకులు ఇద్దరే ఉన్న ఎల్‌ఎల్‌పిల్లో ఇంకోటి: తండ్రి పోయాక మిగిలిన ఒక్కరు, తెలిసీ, ఆరు నెలలకి మించి ఒంటరిగా నడిపితే ఆ గడువు తర్వాతి అప్పులు ఆయన సొంతవే. అమ్మనో భార్యనో మొదట్లోనే మూడో భాగస్వామిగా చేర్చుకుంటే ఈ చిక్కు రాదు.

మా రేటింగ్: నమోదుకి ఐదుకి నాలుగు, మూసివేతకి రెండున్నర. మూసేయాలంటే వ్యాపారం ఆగి కనీసం ఏడాది కావాలి, పాత ఫారాలన్నీ వేసి ఉండాలి, అప్పులు సున్నా చూపాలి, సీఏ ధ్రువీకరించిన లెక్కల పత్రం 30 రోజులకంటే పాతది కాకూడదు. ఆ తర్వాతే మూసివేత దరఖాస్తు, అంటే ఫారం 24. ఈ దరఖాస్తుల్ని 2024 ఆగస్టు నుంచి సీ-పేస్ అనే కేంద్రం చూస్తోంది.