లాడ్జి కారుని పంపించేశాకే కోల్‌కతా మ్యూజియం చూడగలిగాం

కోల్‌కతా వెళ్ళే మన సిక్కోలు వాళ్ళకి ముందే చెప్తున్నాను: లాడ్జి కౌంటర్లో కుదిర్చే కారు ఎక్కకండి. మ్యూజియాలు చూడాలని వెళ్తుంటే అసలే ఎక్కకండి.

మా ఆయన, అత్తయ్య, ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయి, నేను బయల్దేరాం. ఆమదాలవలసలో రైలెక్కి హౌరాలో దిగేదాకా ఏ ఇబ్బందీ లేదు. ఇండియన్ మ్యూజియం వెనక వీధుల్లో ఒక లాడ్జి, ఏసీ రూము రోజుకి 1,900. రూము శుభ్రంగానే ఉంది. కౌంటర్ దగ్గరి మనిషే మమ్మల్ని ముంచాడు. "ఆరు చోట్లు చూపిస్తాం, 2,800, అడ్వాన్సు 1,000" అన్నాడు. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు కదా అని మా ఆయన సరే అన్నారు.

పొద్దున్న కారు బయల్దేరి, అటు తిరిగి ఇటు తిరిగి, మమ్మల్ని ఇండియన్ మ్యూజియం ముందే దింపింది. లాడ్జి నుంచి అయిదు నిమిషాలు నడిస్తే వచ్చే చోటు! "ముప్పావుగంటలో వచ్చేయండి, ఆలస్యమైతే గంటకి 300 వెయిటింగ్" అన్నాడు డ్రైవరు. ఏషియాటిక్ సొసైటీ 1814లో మొదలుపెట్టిన మ్యూజియం అది, మన దేశంలో అన్నిటికన్నా పాతది. ముప్పావుగంటలో ఏం చూస్తాం? లోపలి నడవాలన్నీ తిరగడానికే ఆ టైము చాలదు. టికెట్ కొని పరుగెత్తడానికా వెళ్ళేది?

మా వాడు ఈజిప్టు మమ్మీ చూద్దామంటూ లాగుతున్నాడు. నాకు భార్హుత్ బౌద్ధ స్తూపం శిల్పాలున్న గ్యాలరీ చూడాలని ఎన్నాళ్ళ నుంచో కోరిక. అత్తయ్యకి ఏదీ నచ్చడం లేదు. "ఏటమ్మా, రాళ్ళు సూడ్డానికి ఇంత దూరం వొచ్చామా?" అన్నారు. ఇంతలో డ్రైవరు ఫోన్లు మొదలయ్యాయి. ఒకటే గోల. మా ఆయనకి టెన్షన్ పెరిగి, గోడకి ఆనుకుని హిందీలో బతిమాలుకుంటున్నారు. చివరికి అత్తయ్యే తేల్చేశారు: "ఆడ్ని ఎలిపొమ్మనరా. డబ్బులు పోతే పోనీ. కూకుని సూద్దాం." అడ్వాన్సు వెయ్యి తిరిగి రాలేదు. పైగా రాత్రి కౌంటర్ దగ్గర ఇంకో 500 ఇమ్మని పేచీ. మేం ఇవ్వలేదు.

ఆ తర్వాత మా రోజు మారిపోయింది. భార్హుత్ స్తూపం క్రీస్తు పూర్వం రెండో శతాబ్దం నాటిది. మధ్యప్రదేశ్‌లో 1873లో బ్రిటిష్ పురావస్తు అధికారి కన్నింగ్‌హామ్ కనిపెట్టి, మిగిలిన రాతి కంచెని ఇక్కడికి చేర్చాడు. మన శ్రీకాకుళం దగ్గరి శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాల ఇటుక పునాదులు చూసినప్పుడు స్తూపం చుట్టూ ఏముండేదో నా ఊహకి అందేది కాదు. ఇక్కడ మనిషికన్నా ఎత్తున్న ఎర్రరాతి కంచె, తోరణం ఎదురుగా నిలబడ్డాయి. బుద్ధుడి బొమ్మ మాత్రం ఎక్కడా లేదు. ఆయన ఉండాల్సిన చోట ఖాళీ ఆసనమో, చక్రమో, పాదాలో చెక్కారు.

అక్కడి గార్డుది ఒడిశాలోని గంజాం జిల్లా. అత్తయ్య పుట్టిల్లు ఇచ్ఛాపురం, ఒరియా గడగడా మాట్లాడతారు. ఇంకేముంది, ఊరివాళ్ళలా కలిసిపోయారు. ఆయనే ఒక గుండ్రటి చెక్కడం దగ్గరికి తీసుకెళ్ళి నిలబెట్టాడు. అనాథపిండికుడనే వర్తకుడు జేతవనం అనే తోటని బుద్ధుడి కోసం కొన్న కథ అది. తోట నేలంతా నాణేలు పరిస్తేనే అమ్ముతానన్నాడట జేత రాకుమారుడు. ఇద్దరు కూర్చుని చదరపు నాణేలు పక్కపక్కనే పేరుస్తున్నారు. మధ్యలో అనాథపిండికుడు నీళ్ళ పాత్ర పట్టుకుని దానం ధారపోస్తున్నాడు. కింద బ్రాహ్మీ అక్షరాల్లో ఆ కథేంటో చెక్కి ఉంది. నేను అవన్నీ చూస్తుంటే అత్తయ్య కింది అంచు చూపించారు. "ఎడ్లు ఇప్పీసినారు సూడు. కాడి పైకి లేచిపోనాది. సరుకు దించీసినట్టే." నిజమే, బండి పక్కన ఎడ్లు పడుకుని ఉన్నాయి, కాడి గాల్లోకి లేచి ఉంది. ఇంతసేపు చూసిన నాకు ఆ ఎడ్లు కనబడలేదు, పొలంలో బతికిన మనిషికి చప్పున కనబడ్డాయి. ఆ గ్యాలరీలోంచి ఆవిడని బయటికి తేవడం కష్టమైంది. తర్వాత మమ్మీ చూసి మా వాడూ చల్లబడ్డాడు.

భోజనం దగ్గర్లోని చిన్న బెంగాలీ హోటల్లో. శనివారం కాబట్టి అత్తయ్యకి అన్నం, పప్పు, గసగసాల ముద్దతో చేసిన బంగాళాదుంప కూర, 110 రూపాయలు. కూర మళ్ళీ వేయించుకున్నారు.

సాయంత్రం పార్క్ స్ట్రీట్ స్టేషన్లో మెట్రో ఎక్కి రవీంద్ర సదన్‌లో దిగాం, తలకి 5 రూపాయలే. అక్కడికి దగ్గర్లోనే అకాడమీ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్. ఎగ్జిబిషన్లకి టికెట్ లేదు, తోసే జనం లేరు. హుగ్లీ రేవుల్ని నీటిరంగుల్లో వేసిన కుర్రాడు తన బొమ్మల పక్కనే కూర్చుని, మా వాడు అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పాడు, తడి కాగితం మీద రంగు ఎలా పాకుతుందో వేసి మరీ చూపించాడు. పిల్లలున్నవాళ్ళు ఇక్కడికి తప్పకుండా తీసుకెళ్ళండి.

విక్టోరియా మెమోరియల్ మర్నాడు చూశాం. అందులో రష్యా చిత్రకారుడు వెరెష్చాగిన్ వేసిన జైపూర్ ఏనుగుల ఊరేగింపు ఒక్కటి చాలు, గోడంత బొమ్మ. మిగతా గదులు త్వరగా చూసేయొచ్చు. ఇండియన్ మ్యూజియానికీ విక్టోరియా గ్యాలరీలకీ సోమవారం సెలవు, అది చూసుకుని రైలు టికెట్లు తీసుకోండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళుంటే కారు బదులు మ్యూజియం దగ్గర్లో రూము తీసుకోండి, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చి మళ్ళీ బయల్దేరొచ్చు.