జులైలో ఒకటి, జనవరిలో ఒకటి: రిషెరాంష్ ట్రఫుల్ యాత్ర

ఓక్ చెట్ల వేళ్ళను పట్టుకుని నేలలోపల పెరిగే పుట్టగొడుగే ట్రఫుల్. దాని కోసం ఫ్రాన్స్‌లో లియాన్ నగరం నుంచి దక్షిణాన ఉన్న రిషెరాంష్ ఊరికి రెండుసార్లు వెళ్ళాం. మొదటిసారి జులైలో.

ఒక రైతు తన తోటలో గంటన్నర తిప్పాడు. కుక్క వాసన పట్టి కాలితో గీరిన చోట తవ్వుకోలతో మెల్లగా తీశాడు. పైన నల్లగా, పెద్ద పెద్ద బొడిపెలు. కోస్తే లోపల పాలు ఎక్కువైన కాఫీ రంగు. ఇది వేసవి ట్రఫుల్, శాస్త్రీయ నామం ట్యూబర్ ఈస్టివమ్. వాసన చాలా తక్కువ. తోట నడక మాత్రం బాగుంది, పిల్లలతో వెళ్ళాలంటే ఇదే మేలు. ఆ రాత్రి ఒక హోటల్లో తిన్న ట్రఫుల్ పాస్తా మాత్రం బాధపెట్టింది. పైన నాలుగు పలచని ముక్కలు, వాసనంతా కృత్రిమ నూనెది. దిగిన ఇంట్లో ఏసీ లేదు, ఎండకు నిద్రపట్టలేదు.

జనవరిలో వెళ్ళినప్పుడే అసలు సంగతి తెలిసింది. చలికాలపుది ట్యూబర్ మెలనోస్పోరమ్. నవంబర్ నుంచి మార్చి దాకా శనివారం సంత. ఒకవైపు మనలాంటి వాళ్ళకు దుకాణాలు, ఇంకోవైపు కార్ల డిక్కీల దగ్గర వ్యాపారుల బేరాలు. అమ్మేవాడు చాకుతో చిన్న గాటు పెట్టి చూపించాడు: ఊదా ఛాయ ఉన్న నలుపు, దారాల్లాంటి తెల్లగీతలు. గాటు పెట్టించుకోకుండా కొనకండి. 25 గ్రాములకు 25 యూరోలు ఇచ్చాం. జులైలో అంతే బరువు 8 యూరోలకే దొరికింది. అయినా డబ్బు దండగ అనిపించలేదు.

జనవరి మూడో ఆదివారం చర్చిలో ట్రఫుల్ ఆరాధన. కానుకల బుట్టలో జనం నాణేల బదులు ట్రఫుల్స్ వేస్తారు, తర్వాత వాటిని వేలం వేస్తారు. బుట్ట మన వరుస దాటుతుంటేనే చర్చంతా ఆ వాసన. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి.

బసకు పక్కనే ఉన్న వాల్రెయాస్ ఊరు చాలు. గది చిన్నదైనా వెచ్చగా ఉంది. ఆరాధన జరిగే వారాంతానికి నవంబర్‌లోనే బుక్ చేసుకోండి. కారు లేకపోతే తిరగడం కష్టం.

కొన్న ముక్కను పగలగొట్టని ఆరు గుడ్లతో పాటు మూత ఉన్న డబ్బాలో రెండు రోజులు ఉంచాం. మూడో రోజు వెన్నతో వేసిన ఆమ్లెట్‌లో ట్రఫుల్ ఇంకా తురమకముందే దాని వాసన వచ్చింది.