సోటో ట్రేడ్‌లో వచ్చిన కుర్రాళ్ల వెంట మూడేళ్లు

2022 ఆగస్టు 2న మా బేస్‌బాల్ టీమ్ వాషింగ్టన్ నేషనల్స్ తన స్టార్ హువాన్ సోటోని శాన్ డియేగో టీమ్‌కి ఇచ్చేసినప్పుడు నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. బదులుగా వచ్చినవాళ్లలో ముగ్గురు ఇంకా మైనర్ లీగ్ (మేజర్స్ అనే పై లీగ్‌కి ఆటగాళ్లని తయారుచేసే కింది లీగ్‌లు) పిల్లలే: రాబర్ట్ హాసెల్, జేమ్స్ వుడ్, పిచ్చర్ (బంతి వేసేవాడు) సుసానా. ఐపీఎల్ ట్రేడ్‌లో మంచి ఫామ్‌లో ఉన్న స్టార్‌ని ఇచ్చేసి, ఇంకా రంజీ ఆడని కుర్రాళ్లని తెచ్చుకున్నట్టు. "ఇంక ఈ టీమ్‌ని వదిలెయ్ బావా" అన్నాడు మా బావమరిది. వదల్లేదు. ఆ ముగ్గురి కోసం అప్పటి నుంచి మూడు వాడుతున్నాను: బేస్‌బాల్ రిఫరెన్స్ వెబ్‌సైట్‌లోని మైనర్ లీగ్ పేజీలు, లైవ్ మ్యాచ్‌ల సబ్‌స్క్రిప్షన్, ఒక లాంగ్ నోట్‌బుక్.

అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది ఆ పేజీల్లో వయసు పక్కనుండే చిన్న కాలమ్. లీగ్‌లో మిగతావాళ్ల సగటు వయసుతో పోలిస్తే ఇతను ఎంత పెద్ద, ఎంత చిన్న అన్నది అక్కడ ఉంటుంది. మైనస్ ఉంటే తనకన్నా పెద్దవాళ్లతో తలపడుతున్నాడని అర్థం. మొదట్లో నేను బ్యాటింగ్ సగటు చూసి పేజీ మూసేసేవాణ్ణి, అది తప్పు. మైనర్ లీగ్‌లో మెట్లు కింది నుంచి లో-ఏ, హై-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ. 2023లో వుడ్ హై-ఏ, డబుల్-ఏ కలిపి 26 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి) కొట్టాడు, కానీ 173 సార్లు స్ట్రైకౌట్ (మూడు స్ట్రైకులకి ఔట్) అయ్యాడు. ఆ 173 చూసి టెన్షన్ పట్టుకుంది. అప్పుడు ఆ మైనస్ గుర్తు చూశాను. తర్వాత నోట్‌బుక్ తీశాను.

ట్రేడ్ అయిన కొత్తల్లో వుడ్ లో-ఏలో, ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో ఆడాడు. వర్జీనియాలో హెర్న్‌డన్‌లో ఉన్న మాకు అది గంట ప్రయాణం, శుక్రవారం సాయంత్రం ఐ-95 హైవే ఎక్కితే రెండు గంటలు. మూడో వరసలో కూర్చున్నాను. 6 అడుగుల 7 అంగుళాల మనిషి, వయసు 19. పిచ్చర్ వరసగా మోకాళ్ల కిందకి వేస్తున్నాడు. అంత పొడుగు వాళ్లని అక్కడే పడగొడతారు. అతను బ్యాట్ కదిలించలేదు. నాలుగో బాల్ (హద్దు బయట పడే బంతి) కూడా వదిలేసి, మోచేతి గార్డ్ విప్పి అక్కడ పెట్టి, ఫస్ట్ బేస్ వైపు నడిచాడు. అలా నాలుగు బాల్స్‌తో ఊరికే ఫస్ట్ బేస్ దక్కడాన్నే వాక్ అంటారు. నోట్‌బుక్‌లో "తొందర లేదు" అని రాసుకున్నాను. ఏడాది తర్వాత ఆ రెండు మాటలు చదువుకున్నాకే మనసు కుదుటపడింది. 2024లో రోచెస్టర్ తరఫున, ట్రిపుల్-ఏలో, 52 మ్యాచ్‌ల్లో .353 సగటుతో (వెయ్యికి 353 హిట్ల లెక్క) కొట్టాడు.

ట్రిపుల్-ఏ అంకెల దగ్గర కాస్త జాగ్రత్త. 2023 నుంచి అక్కడ అన్ని స్టేడియాల్లోనూ బాల్, స్ట్రైక్ (హద్దు లోపలి బంతి) తేల్చడంలో అంపైర్‌తో పాటు మిషన్ కూడా ఉంది. అందుకని వాక్‌లు పెరిగాయని వెంటనే మురిసిపోకూడదు.

ప్రమోషన్ల కోసం పెట్టుకున్న ఒక అలర్ట్ యాప్ నాకు పనికిరాలేదు. కబురు మర్నాడు వచ్చేది. ఇప్పుడు సోమవారాలు టీమ్‌ల ట్రాన్సాక్షన్ల పేజీ (ఎవరిని ఎక్కడికి మార్చారో ఉండేది) నేనే చూసుకుంటాను. మైనర్ లీగ్‌లో మంగళవారం నుంచి ఆదివారం దాకా ఒకే ప్రత్యర్థితో ఆరు మ్యాచ్‌లు, సోమవారం సెలవు. లైవ్ సబ్‌స్క్రిప్షన్ మాత్రం పెట్టిన డబ్బుకి తగినదే, పిచ్చర్లని చూడటానికి మరీను.

హాసెల్ విషయంలో పొరపాటు నాదే. 2022 చివర్లో అరిజోనా ఫాల్ లీగ్‌లో అతని చేతిలో, మణికట్టు దగ్గరి హామేట్ అనే ఎముక విరిగింది. మరుసటి ఏడాది అంకెలు పడిపోయాయి. ప్రాస్పెక్ట్ (ఎదుగుతున్న కుర్రాళ్ల) ర్యాంకింగ్‌ల మాట నమ్మి అతని పేజీ మీద అడ్డంగా గీత కొట్టేశాను. 2025 మేలో అతను మేజర్స్‌లో దిగిన రోజు ఆ గీత చూస్తే చాలా బాధేసింది. అంకెల పేజీ ఏదైనా, చెయ్యి ఎంత నొప్పి పెడుతోందో చెప్పదు. ఇప్పుడు నోట్‌బుక్‌లో గాయాలకి విడిగా ఒక వరస ఉంది.

2024 జూలై 1న వుడ్ నేషనల్స్ పార్క్‌లో మేజర్స్‌లో తన మొదటి ఎట్-బ్యాట్‌లోనే (బ్యాటింగ్ వంతులోనే) సింగిల్ (ఫస్ట్ బేస్ చేర్చే హిట్) కొట్టాడు. వెంటనే బావమరిది ఫోన్: "బావా, నువ్వు చెప్పిన పొడుగు కుర్రాడు ఇతనేనా?"

సుసానా పేజీ ఇంకా నడుస్తోంది. ట్రేడ్ నాటికి అతనికి 18 ఏళ్లు, బంతి వేగం గంటకి 100 మైళ్లు దాటుతుంది. అతని పేజీ తెరిస్తే స్ట్రైకౌట్ల కన్నా ముందు వాక్‌ల కాలమ్ చూస్తాను.