బాల్టిమోర్ కాయిన్ షో: నాణెం మీద గీతకి 425 డాలర్లు చెప్పాడు

అమెరికాలో పాత రాగి సెంటు నాణేలు కొనాలనుకునే మనవాళ్లు ఎవరైనా ఉంటే, ఇది చదివి వెళ్లండి. బాల్టిమోర్ కన్వెన్షన్ సెంటర్‌లో ఒక టేబుల్ దగ్గర నాకు ఒళ్లు మండిపోయింది.

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి నేను, సెలవులకి వచ్చిన మా బావమరిది కార్లో వెళ్లాం. దారిలో నాణేలు కొట్టే ఫిలడెల్ఫియా మింట్ చూశాం. టికెట్ లేదు, ఫొటోలు తీయనివ్వరు. ఒకప్పుడు అక్కడ తిరిగిన పీటర్ అనే గద్దని స్టఫ్ చేసి పెట్టారు, మా వాడికి అదొక్కటే నచ్చింది. 1793 నుంచి 1857 దాకా లార్జ్ సెంట్లు, అంటే ఈ పెద్ద రాగి సెంట్లు, కొట్టింది ఫిలడెల్ఫియాలోనే. మన పాత రూపాయి బిళ్లంత ఉంటాయి. డై, అంటే నాణెం కొట్టే అచ్చు, చెక్కడం అప్పట్లో పెద్ద పని. అందుకే పాత సంవత్సరం డై ఇంకా పనికొచ్చేలా ఉంటే పారేయకుండా, పాత అంకె మీదే కొత్త అంకె పంచ్ చేసేవాళ్లు. అదే ఓవర్‌డేట్.

ఇక ఆ టేబుల్. కవర్ మీద '1839/6' (1836 మీద 1839 కొట్టిన ఓవర్‌డేట్) అని పెన్నుతో రాసి ఉంది, ధర 425 డాలర్లు. మామూలు 1839 అదే హాల్లో 40కి దొరుకుతోంది. లూప్ (చిన్న భూతద్దం) పెట్టి చూస్తే 9 పక్కన వంకర గీత ఉంది, కానీ అది లోపలికి దిగి ఉంది. డైలో ఉన్న పాత అంకె నాణెం మీద పైకి లేచి కనపడాలి. లోపలికి దిగిందంటే ఎవరో గీరిందే. అంతకన్నా తేలిక గుర్తు ఇంకోటుంది. ఈ ఓవర్‌డేట్‌లో నాణెం మీది లిబర్టీ అనే స్త్రీ బొమ్మ జుట్టుకి చుట్టిన తాడు నున్నగా ఉంటుంది, ఇతని నాణెం మీద తాడు నిండా పూసలున్నాయి. తేదీ దాకా పోనక్కర్లేదు, ఆ తాడు చూసి నాణెం కింద పెట్టేయొచ్చు.

అమ్మేవాణ్ణి మర్యాదగానే అడిగాను. "కొంటే కొను, లేకపోతే కింద పెట్టు" అని నాణెం లాక్కున్నాడు. సర్టిఫికెట్ లేదు, వాపసు లేదట. "వీడికి నమస్కారం పెట్టి పద బావా" అన్నాడు మా వాడు. అరగంట నడిచినా నా కోపం దిగలేదు.

దించింది రెండు వరసల అవతల టేబుల్ పెద్దాయన. కుర్చీ వేసి, ట్రే మొత్తం నా ముందు పెట్టి, లైటు పక్కకి వంచాడు. వెలుతురు నేరుగా పడితే ఏమీ తెలియదు, ఏటవాలుగా పడాలి. బాగా అరిగిన 1807లో కూడా 7 కింద 6 వంపు కనపడింది. పెద్ద 7 ఉన్న రకం, తేలిగ్గానే దొరుకుతుంది. 90 చెప్పాడు, 85కి ఇచ్చాడు. చిన్న 7 రకం చాలా అరుదు, ఎవరైనా చవగ్గా ఇస్తానంటే అనుమానించండి. 1844, 1851ల్లో '81 మీద' అని అమ్మేవి నిజానికి ఓవర్‌డేట్లు కావని కూడా ఆయనే చెప్పాడు. అప్పటికి తేదీ మొత్తం ఒకే పంచ్‌తో కొట్టేవారు, అది తలకిందులుగా పడితే మళ్లీ సరిగ్గా కొట్టారు, తలకిందులైన 18 అంకెలే 81లా కనపడతాయి. 'ఓవర్‌డేట్' పేరు చెప్పి ధర పెంచితే బేరమాడండి.

హోటల్ గురించి కూడా చెప్పాలి. కన్వెన్షన్ సెంటర్ పక్కనే కదా అని 169కి బుక్ చేశాం. పార్కింగ్ 38 అని కౌంటర్ దగ్గరికి వెళ్లాకే తెలిసింది, టాక్సులతో 233 అయింది. పైగా గదిలో తడి కార్పెట్ వాసన. మా బావమరిది రాత్రంతా కిటికీ తెరవడానికి కుస్తీ పట్టాడు. ఎయిర్‌పోర్ట్ దగ్గర ఉండండి, లైట్ రైల్ నేరుగా కన్వెన్షన్ సెంటర్ దగ్గర దింపుతుంది.

లూప్ పది రెట్లది చాలు. కొన్నాక రాగిని మాత్రం చింతపండుతో తోమకండి, సగం ధర అక్కడే పోతుంది.