విక్స్‌బర్గ్ వెళ్తే గైడు వ్యాను ఎక్కకండి

మిసిసిపీ రాష్ట్రంలోని విక్స్‌బర్గ్ యుద్ధ పార్కు చూపించడానికి మనిషికి 65 డాలర్లు, నలుగురికి 260. అంత పుచ్చుకున్న గైడు ఉదయమంతా స్మారక స్తంభాల చుట్టూ తిప్పి, మేం దేనికోసం డాలస్ నుంచి వచ్చామో ఆ కైరో (అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది వాళ్ళ ఆవిరి యుద్ధనౌక) దగ్గర పావుగంటే ఇచ్చాడు. "పాత చెక్కలేగా" అన్నాడు కూడా. నాన్న విశాఖ పోర్టులో టగ్గుల ఇంజన్ల మీద పనిచేసి రిటైరైన మనిషి. ఆ మాట విన్నాక భోజనాల దాకా నోరు విప్పలేదు. నాకైతే ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు మా కారులోనే మళ్ళీ వెళ్ళాం. పార్కు టికెట్టు కారుకు 20 డాలర్లు, మ్యూజియం అందులోనే. 94 డాలర్ల రూము శుభ్రంగా ఉంది, దారి బాగుంది, వాటి గురించి చెప్పడానికేం లేదు.

కైరో 1862 డిసెంబరు 12న యాజూ నదిలో మందుపాతర పేలి పన్నెండు నిమిషాల్లో మునిగింది. ఒక్క ప్రాణం కూడా పోలేదు. 1964లో పైకి తీశారు. పందిరి కింద దాని లోపలికే నడిచి వెళ్ళొచ్చు. బాయిలర్లు, ఇంజను, వెనక చక్రం అన్నీ కళ్ళెదుటే. నాన్న బాయిలర్ల దగ్గర ఆగిపోయారు. "వీటికి గుండు తగిలితే లోపలున్నవాళ్ళు ఉడికిపోతారమ్మా" అన్నారు. 1862 జూన్‌లో మౌండ్ సిటీ అనే జోడు నౌకలో అదే జరిగింది. ఆవిరి డ్రమ్ము పగిలి వందమందికి పైగా పోయారు.

కైరోను యుద్ధానికనే కట్టారు. మామూలు నది స్టీమర్లకు లోతు తక్కువ కాబట్టి బాయిలర్లు డెక్కు మీదే ఉంటాయి. 1861లో రోడ్జర్స్ అనే నౌకాదళ అధికారి సిన్సినాటీలో అలాంటివి మూడు యుద్ధనౌకలుగా మార్చడానికి కొన్నాడు: టైలర్, లెక్సింగ్టన్, కొనెస్టోగా. బాయిలర్లను అడుక్కి దింపించి, చుట్టూ అయిదంగుళాల ఓక్ పలకలు కొట్టించాడు. తుపాకీ గుండు ఆగుతుంది, ఫిరంగి గుండు ఆగదు. తర్వాత వచ్చినవాటికి పల్చటి ఇనపరేకులు బిగించారు. కైరో మునిగిన రోజు వెంట ఉన్న మార్మోరా, సిగ్నల్ ఆ రకానివే. సిబ్బందిని ఎక్కించుకున్న క్వీన్ ఆఫ్ ది వెస్ట్ కూడా ఒకప్పటి వ్యాపార స్టీమరే, ఢీకొట్టడానికి ముక్కు గట్టిచేసినది. ఇది విన్నాకే నాన్న మొహంలో నవ్వొచ్చింది. "చూశావా, యుద్ధానికి కట్టింది మునిగింది, బేరానికి తిరిగింది ఒడ్డుకు చేర్చింది!"

ఎండాకాలమైతే పొద్దున్నే వెళ్ళండి. పందిరి ఉన్నా ఉక్క భరించలేం, అమ్మ అరగంటకే మ్యూజియం ఏసీలోకి వెళ్ళిపోయింది. కైరోకే రెండు గంటలు పెట్టుకుని, మిగిలిన టైములో పార్కు చుట్టూ ఉన్న 16 మైళ్ళ రోడ్డు తిరగండి. వీలుంటే టెనెసీలో షైలో యుద్ధభూమి కూడా చూడండి. 1862 ఏప్రిల్ 6న టైలర్, లెక్సింగ్టన్ నదిలోంచి ఫిరంగులు పేల్చింది అక్కడే.

సగం డబ్బైనా తిరిగివ్వమని ఆ టూరు వాళ్ళకు రాశాను. ఇంతవరకూ ఉలుకూ లేదు, పలుకూ లేదు.